భద్రయ్య పూడ్చిన గుంతలు

గుంత పూడ్చాక భద్రయ్య దాని పక్కన గొంతుక్కూర్చుంటాడు. అరచేయి చాపి మట్టి మీద మూడుసార్లు తడతాడు. తర్వాత లేచి బస్సెక్కుతాడు. ఆయన ఎక్కాకే డ్రైవర్ బండి కదిలిస్తాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఇంతే. ఎక్కడ వంట చేస్తే అక్కడ ఒక గుంత. మోకాలి లోతు. అందులో కూరగాయల తొక్కలు, తిన్న విస్తళ్ళు, మిగిలిన అన్నం, సాంబారు అడుగు, పాల కవర్లు, నూనె కవర్లు. పైన మట్టి. మట్టి మీద మూడు దెబ్బలు.

"పండబెడుతున్నవా కాకా?" అని బస్సులోంచి ఎవరో ఒకరు అరుస్తారు.

"అవ్. లేస్తే మళ్ళ అన్నం అడుగుతది," అంటాడు భద్రయ్య.

సికింద్రాబాద్‌లో యాత్రల బస్సు అంటే వెనుక డిక్కీలో వంటిల్లు కూడా ఉన్నట్టే. రెండు గ్యాస్ బండలు, మూడు పొయ్యిలు, గంజులు, బియ్యం, పప్పులు, ఒక వంట మనిషి. కాశీలో దిగినా పప్పుచారు మనదే ఉండాలి. చూసేది కొత్తదైనా తినేది ఇంటిదే కావాలి. బస్సు ఎక్కేవాళ్ళు మొదట అడిగేది సీటు గురించి కాదు, వంట ఎవరు అని.

పద్మారావు నగర్‌లో రఘునాథ్ ట్రావెల్స్ ఒక షట్టర్ గది. వెనక రేకుల షెడ్డు. రఘునాథ్ తండ్రి ఉన్నప్పుడు దూరయాత్రలు నడిచేవి. కొడుకు వచ్చాక వానాకాలం జలపాతాలు మొదలయ్యాయి. నాలుగు నెలలు, ప్రతి ఆదివారం, పొద్దున పోయి రాత్రికి తిరిగి రావడం. భద్రయ్యకు ఏడాదిలో చేతినిండా పని ఉండేది ఆ నాలుగు నెలలే. బస్సులో యజమాని తరఫు మనిషి కూడా ఆయనే.

ఆయన వయసు యాభై ఎనిమిది. చిలకలగూడలో పుట్టాడు. తండ్రి పెళ్ళిళ్ళ వంటవాడు. భార్య లచ్చమ్మ పద్మారావు నగర్‌లోనే రెండిళ్ళలో వంట చేస్తుంది. శనివారం మధ్యాహ్నం భద్రయ్య మోండా మార్కెట్‌లో కూరగాయలు కొంటాడు. వంకాయను తొడిమ పట్టుకుని తిప్పి చూస్తాడు. తొడిమ గుచ్చుకుంటే తీసుకుంటాడు, గుచ్చుకోకపోతే పక్కన పెడతాడు. సాయంత్రం ఇద్దరూ షెడ్డులో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి బస్సు.

సీతారత్నం అని రిటైరైన టీచరమ్మ ఉంది. కాకినాడ మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడింది. వానాకాలంలో కనీసం నాలుగు ఆదివారాలు బస్సెక్కుతుంది. బస్సు ఆగగానే అందరూ నీళ్ళ వైపు పోతే, ఆవిడ పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుంటుంది.

"జలపాతం చూడరా అమ్మా?" అంటాడు భద్రయ్య.

"అది ఎక్కడికీ పోదండీ. మీ గుత్తి వంకాయ అయిపోతుంది."

భద్రయ్య కాగితం పళ్ళాలు వాడడు. మోదుగాకు విస్తళ్ళే. జలపాతాల దగ్గర ఇతర బస్సుల వాళ్ళు బండల మీద అన్నం కుమ్మరించి, తెల్ల పళ్ళాలు నీళ్ళలో వదిలి పోతుంటే ఆగి తిట్టేవాడు. "నా పొయ్యి పెట్టిన జాగ ఎవ్వనికీ దొరకది," అనేవాడు. అది నిజం. ఆయన లేచిపోయిన చోట మెతుకు కూడా కనిపించదు. రఘునాథ్ ఈ సంగతి తన ప్రకటనలో కూడా వేయించాడు: శుభ్రమైన వంట, శుభ్రమైన చోటు.

మొగిలిగుండానికి మొదటిసారి పోయింది రెండేళ్ళ కిందటి వానాకాలంలో. ఆదిలాబాద్ వైపు అడవిలో చిన్న జలపాతం. రోడ్డు కల్వర్టు దగ్గర ఆగిపోతుంది. కింద నలభై ఇళ్ళ ఊరు. ఆ రోజు వాళ్ళదొక్కటే బస్సు. నీళ్ళు అయిపోతే భద్రయ్య బిందె పట్టుకుని ఊరిలో మొదటి ఇంటికి పోయాడు. ఆ ఇల్లు ఎల్లమ్మది. యాభై ఏళ్ళ మనిషి, భర్త లేడు, రెండెకరాల మక్క చేను. నీళ్ళు తోడి ఇచ్చి, కాల్చిన కంకి కూడా చేతిలో పెట్టింది.

"ఎందుకన్నా అంత దూరం నుంచి? నీళ్ళు పడుడు చూడనీకా?" అంది.

"నాకేం ఎరుక చెల్లె. నేను పొయ్యిని చూస్త."

ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత ప్రతి ఆదివారం భద్రయ్య బిందెతో పోయేవాడు. గిన్నెలో వంకాయ కూర తీసుకుపోయేవాడు. రెండో ఏడు ఒకసారి ఎల్లమ్మ చెప్పింది, గుట్ట దాటితే ఇంకో గుండం ఉందని, ఊరి బర్లు నీళ్ళు తాగేది అక్కడేనని. తొవ్వ కూడా చూపించింది. "నీకని చెప్పిన. బస్సోళ్ళకు చెప్పకు," అంది.

భద్రయ్య సికింద్రాబాద్ వచ్చాక రఘునాథ్‌తో అన్నాడు, పైన ఇంకోటి ఉందని, అక్కడ జనం ఉండరని, తనకు తొవ్వ తెలుసునని. తొవ్వ మాత్రం చెప్పలేదు. అంత చెప్పడం కూడా తప్పేనని అప్పుడు తోచలేదు.

రెండో ఏడు ఆదివారానికి పది బస్సులు. మూడో ఏడు, అంటే ఈ ఏడు, లెక్క లేదు. ఫోన్లలో మొగిలిగుండం తిరిగింది. కార్లు కల్వర్టు నుంచి మైలు పొడవున ఆగేవి. ఊరివాళ్ళు తమ వాగుకు పోవడానికి జనాన్ని తోసుకుంటూ పోవలసి వచ్చేది. గాజు పెంకులు గుచ్చుకుని ఇద్దరు ఆడవాళ్ళ కాళ్ళు చీము పట్టాయి. భద్రయ్య ప్రతి వారం కొత్త చోటు వెతుక్కుని గుంత తవ్వాడు. మూడు వానాకాలాల్లో ముప్ఫై దాటాయి.

ఈ ఏడు ఆగస్టులో రెండో ఆదివారం కల్వర్టు మీద వెదురు బొంగు అడ్డంగా కట్టి ఉంది. పక్కన పాత తలుపు చెక్క. దాని మీద రంగుతో రాశారు:

పైకి పొయ్యి పోదు. సీసా పోదు. రోజుకు నాలుగు బండ్లు. ఫోన్ చేసి రావాలె. అన్నం మా ఊర్లనే.

బొంగు వెనక పదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ఎల్లమ్మ ఉంది. ముందున్న బస్సులు అరిచి అరిచి వెనక్కి తిరిగాయి. భద్రయ్య దిగి వచ్చాడు.

"ఏంది చెల్లె ఇది?"

"రా అన్నా. చూపిస్త."

ఆమె ముందు నడిచింది. చేను గట్టు మీద నిలబడింది. రెండెకరాల మక్క నేలమీద పడి ఉంది. కంకులు సగం కొరికి వదిలిన గుర్తులు. అడవి పందులు. నాలుగు రాత్రుల్లో అయిపోయిందట. పక్క చేలు కూడా అంతే.

"బస్సోళ్ళు ఎక్కడబడితే అక్కడ పారేస్తరు గదా," అన్నాడు భద్రయ్య. "వాసనకు వచ్చినయ్."

"వాళ్ళు పైన పారేస్తరు. కాకులు తింటయ్, మా కుక్కలు తింటయ్. పొద్దుమూకేసరికి అయిపోతది. ప్లాస్టిక్ మేం ఏరుకుంటం. నువ్వు పాతిపెట్టినవ్."

భద్రయ్య వంగి, విరిగి పడ్డ మక్క కర్రను పక్కకు తీశాడు.

"పందులకు తవ్వుడు నువ్వే నేర్పినవన్నా. మొదటేడు ఒక్కటొచ్చింది. వారం వారం ఉప్పు, నూనె, బువ్వ. రుచి మరిగినయ్. పిల్లలతోని వచ్చినయ్. తవ్వుకుంట తవ్వుకుంట చేను దాకా దిగినయ్."

"నావే అని ఎట్ల చెప్తవ్?"

ఎల్లమ్మ వంగి చేలోంచి ఒకటి తీసింది. నూనె కవర్. ఎడమ మూలన చిటికెన వేలు పట్టేంత చిన్న కోత. భద్రయ్య నూనె కవర్ ఎప్పుడూ అంతే కోస్తాడు, ధార సన్నగా పడాలని. ఇంకొంచెం దూరంలో మోదుగాకు విస్తరి ముక్క, పుల్లతో కుట్టింది. మొగిలిగుండానికి వచ్చే వంటవాళ్ళలో ఆకు విస్తరి తెచ్చేది ఆయన ఒక్కడే.

"నీ మీద పగ లేదన్నా," అంది ఎల్లమ్మ. "నువ్వు మంచిగనే చేస్తున్ననుకున్నవ్. అందుకే ముప్ఫై చేసినవ్."

నూనె కవర్‌ను భద్రయ్య మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నీ మొహం చూసి ఈ ఒక్కసారి, అని ఎల్లమ్మ బొంగు ఎత్తించింది. డిక్కీ మాత్రం తెరవనియ్యలేదు. బస్సులో నలభై రెండుమంది. జలపాతం చూసి వచ్చారు. ఆకలయింది. వంకాయలు, కోసిన ఉల్లిగడ్డలు, నానిన చింతపండు అన్నీ డిక్కీలోనే ఉన్నాయి.

"ఇదేం అన్యాయమండీ," అంది సీతారత్నం. "అన్నం పక్కన పెట్టుకుని ఉపవాసమా?"

"ఊర్ల చేస్తున్నరమ్మా."

"ఏం చేస్తున్నారు?"

"జొన్న రొట్టెలు, పెసరపప్పు, పచ్చిమిరపకాయ తొక్కు."

"రొట్టె నా పళ్ళకు లొంగుతుందా?"

"పప్పుల నానేసుకోండ్రి. పప్పు మస్తు పలుచగుంటది వీళ్ళది."

నాలుగిళ్ళ అరుగుల మీద విడతలు విడతలుగా కూర్చోబెట్టారు. గంటన్నర పట్టింది. కొందరు గొణిగారు. కొందరు మూడో రొట్టె అడిగారు. సీతారత్నం ఎల్లమ్మ పొయ్యి ఎదురుగా కుర్చీ వేయించుకుంది. రొట్టె చేతుల మధ్య పెరగడం చూస్తూ, తను తినవలసిన వంతు వచ్చినా లేవలేదు.

భద్రయ్యకు పని లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. చివరి విడతలో ఎల్లమ్మ పిలిచింది. "కూసో అన్నా." కంచం పెట్టింది. యాత్రలో ఆయనకు ఒకరు వడ్డించడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు. పప్పులో ఉప్పు తక్కువ. ఆయన చెప్పలేదు. అంతా తిన్నాడు.

సికింద్రాబాద్ చేరేసరికి వంకాయలు నల్లబడ్డాయి.

బుధవారం రఘునాథ్ షట్టర్ గదిలో కూర్చోబెట్టి మాట్లాడాడు. నలభై ఏళ్ళవాడు. భద్రయ్య కళ్ళముందు పెద్దయినవాడు.

"కాకా, ఫోన్లు వస్తున్నయ్. గుండం మంచిగుంది గానీ అన్నం ఏంది గట్ల అని."

"ఊరోళ్ళది నష్టమయ్యింది సేటూ. అది మనతోనే అయ్యింది."

"మనతోనా? అన్ని బండ్లు మనవేనా?"

భద్రయ్య జేబులోంచి నూనె కవర్ తీసి బల్ల మీద పెట్టాడు. పందుల సంగతి చెప్పాడు. రఘునాథ్ విన్నాడు. కవర్ వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"సరే. తప్పయింది. ఇగ మీద గుంత తవ్వకు. చెత్త బస్సుల వేసుకొస్తం. కానీ పొయ్యి లేకుంటే నా బస్సు ఎవరెక్కుతరు కాకా? పది ట్రావెల్స్ ఉన్నయ్ ఈ గల్లీల. నీ వంట ఉన్నదనే నా దగ్గరికి వస్తరు. నీకు ఎరుక లేదా?"

"ఎరుకే."

"అందుకే అంటున్న. మొగిలిగుండం వద్దు. పైనోటి ఉందంటివి గదా. జనం లేదంటివి. బొంగు లేదు, బోర్డు లేదు. మన పొయ్యి మనకుంటది. ఈ ఆదివారమే పోదాం. తొవ్వ చెప్పు."

భద్రయ్య లేచి నిలబడ్డాడు.

"రెండు రోజులు టైం ఇయ్యి సేటూ."

"శనివారం దాకా. కూరగాయలు తెచ్చేముందు చెప్పు."

ఇంటికి వచ్చాక లచ్చమ్మకు చెప్పాడు. ఆమె చింతపండు పిసుకుతోంది.

"తొవ్వ చెప్తే ఏమైతది?" అంది.

"మొదట మేమొక్కళ్ళం పోతం. వచ్చేడు పది బస్సులు. ఆ పై ఏడు ఇంకో బొంగు కడతరు."

"చెప్పకుంటే?"

"బస్సుల నుంచి పొయ్యి దిగుతది. నేను దిగుత."

లచ్చమ్మ చింతపండు పిప్పి తీసి పక్కన పెట్టింది. చెయ్యి కడుక్కుంది.

"నాకు రెండిళ్ళున్నయ్. మూడోది అడుగుతున్నరు. ఇల్లు నడుస్తది. నువ్వు ఇంట్ల కూసుంటే మాత్రం నా పానం తింటవ్. గదే పరేషాన్."

"అంటే చెప్పమంటవా, వద్దంటవా?"

"నీ చెల్లె అంటివి గదా ఆమెను. నేను చెప్పేదేముంది?"

శనివారం మధ్యాహ్నం భద్రయ్య మోండా మార్కెట్‌కు పోయాడు. అలవాటుగా వంకాయల అంగడి ముందు ఆగాడు. ఒకటి తీసి తొడిమ పట్టుకున్నాడు. గుచ్చుకుంది. తిరిగి బుట్టలో పెట్టాడు. ఖాళీ సంచులతో రఘునాథ్ దగ్గరికి వచ్చాడు.

రఘునాథ్ సంచులు చూశాడు.

"తొవ్వ చెప్పవన్నట్టు."

"చెప్ప."

"మా నాయినుంటే చెప్తుంటివా?"

"మీ నాయినుంటే అడగకపోతుండె."

రఘునాథ్ కాసేపు బల్ల మీది ఫోన్ తిప్పుతూ ఉన్నాడు. కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు.

"నలభై రెండు సీట్లు బుక్కయినయ్. ఇప్పుడు నేనేం జెయ్యాలె?"

"మొగిలిగుండానికే పోనీ. పొయ్యి లేకుండ. ఎల్లమ్మ నంబరున్నది నా దగ్గర. నేనే మాట్లాడిన. రేపటికి మన బండి పేరు రాసుకున్నది. ఊరి అన్నం అని అందరికీ ముందుగాలనే చెప్పు. ఇష్టమున్నోళ్ళు వస్తరు."

"ఎంతమంది వస్తరు?"

"నాకు తెల్వదు."

"నువ్వేం జేస్తవ్ మరి? డిక్కీ ఖాళీ. వంట లేదు. నిన్నెందుకు తోలుకపోవాలె?"

భద్రయ్య షెడ్డులోకి పోయాడు. పార, చిన్న గడ్డపార, బియ్యం సంచులు ఆరు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు.

"గుంతల్ల కవర్లున్నయ్. పందులు తినయ్, మట్టి తినది. తీసుకొస్త."

రఘునాథ్ పార వైపు చూశాడు.

"రేపు తోలుకపోత," అన్నాడు. "వచ్చే ఆదివారం సంగతి చెప్పలేను కాకా."

"చెప్పకు."

సాయంత్రం దాకా రఘునాథ్ ఫోన్లు చేశాడు. పద్దెనిమిదిమంది మానుకున్నారు. సీతారత్నం షట్టర్ దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది.

"వంట లేదటగా భద్రయ్యగారూ. మరి నేనెందుకు రావాలి చెప్పండి?"

"జలపాతం ఉన్నది గదమ్మా. మీరింతవరకు చూడలే."

ఆవిడకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. "రొట్టె ఎలా చేస్తుందో ఆవిడ, సగమే అర్థమైంది నాకు. అందుకు వస్తున్నాను. మీ కోసం కాదు. పులిహోర డబ్బా తెచ్చుకోవచ్చా?"

"తెచ్చుకోండ్రి. డబ్బా మీదే గదా, వాపసు తెచ్చుకుంటరు. మెతుకు కింద పడితే మాత్రం ఊకోను."

"అబ్బో. ఆ మాట మీరే అనాలి," అంది సీతారత్నం. అప్పటికి పందుల సంగతి పద్మారావు నగర్ అంతా తెలిసిపోయింది. భద్రయ్య తలూపాడు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి ముందే భద్రయ్య షట్టర్ దగ్గర ఉన్నాడు. డిక్కీ తెరిచాడు. పొయ్యిలు లేని చోట పార, గడ్డపార, సంచులు పెట్టాడు. బస్సు కదిలితే అవి అటూ ఇటూ దొర్లుతూ చప్పుడు చేశాయి. పది దాటాక కల్వర్టు దగ్గర ఎల్లమ్మ బొంగు ఎత్తింది. ఇరవై నాలుగుమంది దిగి నీళ్ళ వైపు పోయారు. సీతారత్నం కూడా పోయింది.

భద్రయ్య వాగు గట్టున నిలబడి తన గుంతల కోసం చూశాడు. పందులు తవ్వినవి తెలుస్తున్నాయి. మిగిలినవి తెలియడం లేదు. గడ్డి మొలిచింది. ఒక చోట పార దింపాడు. గట్టి నేల. ఇంకో చోట దింపాడు. అక్కడా లేదు.

"అటు గాదన్నా," అంది ఎల్లమ్మ వెనక నుంచి. "నేను చూపిస్త రా."

ఆమె మద్ది చెట్టు పక్కన మడమతో గీత గీసింది. భద్రయ్య తవ్వాడు. మోకాలి లోతులో కవర్లు దొరికాయి, ఎడమ మూలన కోత ఉన్నవి. ఒక్కొక్కటి మట్టి దులిపి సంచిలో వేశాడు. పాల కవర్లు తొమ్మిది, నూనె కవర్లు నాలుగు. పారతో మట్టి లాగి గుంత నింపాడు. సంచి భుజాన వేసుకున్నాడు.

"రెండోది ఎక్కడ?" అని అడిగాడు.